ఐఫోన్ ఫోటోలు జేపీజీలోకి: కెమెరాలోనే మార్చాలా, తర్వాత మార్చుకోవాలా?

మా చెల్లి గృహప్రవేశం ఫోటోలు రెండు వందల దాకా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆల్బమ్ చేయిద్దామని స్టూడియోకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఫోల్డర్ తెరిస్తే ఫోటోల బదులు అన్నీ తెల్ల కాగితం బొమ్మలే. "ఇవి మా సిస్టమ్‌లో ఓపెన్ కావు అన్నా, జేపీజీ చేసి తీసుకురా" అన్నాడు. ఫైలు పేరు చివర హెచ్ఈఐసీ అని ఉంది. అది చెరిపి జేపీజీ అని టైప్ చేసి చూశాను. పేరు మారింది, బొమ్మ మాత్రం రాలేదు. డబ్బా మీద చీటీ మారిస్తే లోపలి కందిపప్పు పెసరపప్పు అవుతుందా!

జేపీజీ, హెచ్ఈఐసీ రెండూ ఫోటోను ఫైలుగా దాచే పద్ధతులే. జేపీజీ 1992 నాటిది, దాన్ని తెరవలేని కంప్యూటర్ లేదు. హెచ్ఈఐసీ 2017లో ఐఓఎస్ 11తో (ఐఓఎస్ అంటే ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఐఫోన్లలోకి వచ్చింది. అదే నాణ్యతకు దాదాపు సగం చోటు చాలు. అందుకే ఫోన్ దానికే సెట్ అయి వస్తుంది.

మొదటి దారి, సమస్యను మొదట్లోనే తుంచెయ్యడం. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ 'మోస్ట్ కంపాటిబుల్' నొక్కితే ఇక నుంచి తీసే ఫోటోలన్నీ జేపీజీలే. పాతవి మారవు, అది గుర్తుంచుకోండి. ఫోన్ త్వరగా నిండుతుంది. 4కేలో సెకనుకు 60 ఫ్రేముల వీడియో కూడా ఈ సెట్టింగ్‌లో రాదు. 64 జీబీ ఫోన్ వాడేవాళ్లు ఆలోచించుకోవాలి.

రెండోది వాట్సాప్. అందరం చేసేది ఇదే, నా లెక్కలో అన్నిటికంటే చెడ్డది కూడా ఇదే. జేపీజీ అవుతుంది, నిజమే. కానీ ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ కూడా ఫైల్లోంచి పోతుంది. ఫోన్‌లో బాగానే కనిపించే ముఖం ఆల్బమ్ పేజీ నిండా వేస్తే అలికినట్టు వస్తుంది. పోనీ డాక్యుమెంట్‌గా పంపిస్తే హెచ్ఈఐసీ హెచ్ఈఐసీలాగే చేరుతుంది, కథ మళ్లీ మొదటికి!

ఉచితంగా మార్చిపెడతామనే వెబ్‌సైట్లు మూడోది. పువ్వుల ఫోటో అయితే సరే. ఆధార్ కార్డు, మార్కుల మెమో, పిల్లల ఫోటోలు ఊరూ పేరూ తెలియని సర్వర్‌కి ఎక్కించడం నాకు నచ్చదు. ఫోటోలో తీసిన చోటు కూడా దాగి ఉంటుంది.

నేను వాడేది నాలుగోది. ఫోటోను ఫైల్స్ యాప్‌లో సేవ్ చేసి, దాని మీద వేలు నొక్కి పట్టి, క్విక్ యాక్షన్స్‌లో 'కన్వర్ట్ ఇమేజ్' నొక్కి జేపీజీ ఎంచుకుంటే జేపీజీ కాపీ పక్కనే తయారవుతుంది. ఐఓఎస్ 16 నుంచి ఈ సౌకర్యం ఉంది, నెట్ అక్కర్లేదు. అసలు ఫోటో గ్యాలరీలో అలాగే ఉంటుంది. అది ఉండాలి కూడా. జేపీజీని ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త నాణ్యత తగ్గుతుంది. పరీక్ష ఫారం 50 కేబీ లోపు అడిగిందని బాగా కుదించేస్తే, ఆ కాపీ మళ్లీ ప్రింటుకి పనికిరాదు.

వందల ఫోటోలైతే ఇలా ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చోలేం. ఫోటోస్ సెట్టింగ్స్‌లో 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' కింద 'ఆటోమేటిక్' పెట్టి కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌కి కలిపితే కాపీ అయ్యేటప్పుడే జేపీజీలుగా దిగుతాయి. 'కీప్ ఒరిజినల్స్' ఉంటే హెచ్ఈఐసీలే దిగుతాయి. నా పెన్‌డ్రైవ్‌లో జరిగింది అదే. ఆటోమేటిక్‌లో ఒక్కోసారి కాపీ మధ్యలో ఆగిపోతుంది, యాభై యాభై చొప్పున లాగితే టెన్షన్ ఉండదు.

నా ఫోన్ ఇప్పటికీ హెచ్ఈఐసీలోనే ఉంది. అమ్మ ఫోన్‌లో మాత్రం ఆ రోజే మోస్ట్ కంపాటిబుల్ పెట్టేశాను. ఆవిడ తీసేది నెలకు పది ఫోటోలు, వాటిలో సగం మీసేవకి పట్టుకెళ్లేవే.