ఐసీసీకి వెళ్లాలా, పోలీసులకా? క్యాంపస్‌లో ఫిర్యాదుకు ఏది మేలు

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే హైవే పక్కన బోలెడు కాలేజీలు, హాస్టళ్లు. లోపల లైంగిక వేధింపు ఏదైనా జరిగితే చాలాచోట్ల ముందు వచ్చే సలహా ఒకటే: "హెచ్‌ఓడీ సార్‌తో మాట్లాడి సర్దేసుకుందాం." విభాగాధిపతి (హెచ్‌ఓడీ), కాలేజీలోనే విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ (ఐసీసీ), పోలీసులు: ఉన్న ఈ మూడు దారుల్లో మొదటిదే అధ్వానం. కాగితం ఉండదు, గడువు ఉండదు, రేపు అడిగితే "నాకెవరూ చెప్పలేదే" అంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనలు హెచ్‌ఓడీలను, డీన్‌లను, రిజిస్ట్రార్‌ను కమిటీ సభ్యులుగానే ఉండొద్దన్నాయి. కమిటీ వాళ్ల అదుపులో పడకూడదనే.

ఇక అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

లెక్చరర్ అసభ్య మెసేజ్‌లు పెట్టడం, ఇంటర్నల్ మార్కులు అడ్డం పెట్టుకుని వేధించడం, సీనియర్ వెంటపడటం లాంటివాటికి ముందు ఐసీసీ మేలు. పోలీసు కేసు పెట్టినా ల్యాబ్ వైవా ఆ లెక్చరర్ దగ్గరే ఇవ్వాల్సి రావచ్చు. బాధితురాలి పేపర్లు, రికార్డులు అతను దిద్దకుండా విచారణ సాగుతుండగానే ఆపించమని సిఫారసు చేసేది ఐసీసీ. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. విషయం విద్యార్థులదైతే విద్యార్థి ప్రతినిధులూ ముగ్గురుండాలి. ఫిర్యాదు కాపీని 7 రోజుల్లో అవతలివారికి పంపాలి, వారు 10 రోజుల్లో జవాబివ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి.

ఐసీసీకి ఫిర్యాదు చేయడానికి గడువు ఘటన జరిగిన రోజు నుంచి 3 నెలలు. వేధింపు పదేపదే జరిగితే ఆఖరి సంఘటన నుంచి లెక్క. కారణం చూపితే కమిటీ ఇంకో 3 నెలల వరకు పొడిగించవచ్చు.

ఫిర్యాదు తేలిపోయేది రాతలోనే. "అసభ్యంగా ప్రవర్తించారు" అని రాస్తే చేతికేమీ చిక్కదు. తేదీ, సమయం, ఏ గది, ఏమన్నాడో అదే మాటల్లో, పక్కన ఎవరున్నారో రాయండి. స్క్రీన్‌షాట్లు తీసినా అసలు చాట్ చెరపొద్దు. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి. మీ ఫిర్యాదు కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా ఆఫీసు గది దాటొద్దు. రాజీ కుదర్చాలంటే ఫిర్యాదుదారు కోరాలి, డబ్బుతో రాజీ చెల్లదు.

ఒంటి మీద చెయ్యి పడితే, బలాత్కారం జరిగితే, రహస్యంగా వీడియో తీస్తే మాత్రం కమిటీ కోసం ఆగొద్దు. అరెస్టు, ఫోన్ జప్తు కమిటీ చేతిలో లేవు. అత్యాచారమైతే ముందు ఆసుపత్రి. సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రథమ చికిత్స వెంటనే, ఉచితంగా చేయాల్సిందే. ఎఫ్‌ఐఆర్ తెమ్మని తిప్పి పంపకూడదు. గర్భ నిరోధక మాత్ర, హెచ్‌ఐవీ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. స్నానం చేయకుండా వెళ్లగలిగితే మేలు, చేసేసినా వెళ్లండి. బట్టలు ఉతకొద్దు. తడిగా ఉంటే నీడన ఆరనిచ్చి కాగితం కవర్లో, ఒక్కొక్కటి విడివిడిగా పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజొస్తుంది, ఆనవాళ్లు పాడవుతాయి.

ఘటన గుంటూరు జిల్లా హాస్టల్లో, అమ్మాయి ఇల్లు విజయవాడలో అనుకుందాం. "మా పరిధి కాదు" అని విజయవాడ స్టేషన్ అనడానికి లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి. మహిళా అధికారే రాసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. అయినా తీసుకోకపోతే ఫిర్యాదును రాతలో ఎస్పీకో, విజయవాడలో పోలీస్ కమిషనర్‌కో స్పీడ్ పోస్టులో పంపాలి. ప్రమాదం ఇంకా ఎదురుగా ఉంటే 112, సలహాకి మహిళా హెల్ప్‌లైన్ 181.

రెండూ ఒకేసారి నడపవచ్చు. "పోలీసు కేసుంది కాబట్టి మేం విచారించం" అని కాలేజీ తప్పుకోవడానికి లేదు. బాధితుడు అబ్బాయైతే ఐసీసీ దారి మరీ ముఖ్యం: యూజీసీ నిబంధనలు అబ్బాయిలనూ, థర్డ్ జెండర్ విద్యార్థులనూ గుర్తించాయి, నేర చట్టమైన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్‌)లోని లైంగిక వేధింపు సెక్షన్ 75 స్త్రీల కోసమే.

ఫస్ట్ ఇయర్‌లో 17 ఏళ్లవాళ్లు ఉంటారు. వాళ్ల విషయంలో ఏది మేలనే ప్రశ్నే లేదు: పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద తెలిసిన ప్రతి ఒక్కరూ, హాస్టల్ వార్డెన్ సహా, పోలీసులకు చెప్పితీరాలి. దాచడమే నేరం.