ముక్కలుగా వచ్చే ‘ఎల్లో ఫిన్ టూనా’ను కొనకండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి హెచ్చరిక

నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు ప్రాంతాల్లో ఫోన్ గ్రూపుల ద్వారా చేపలు తెప్పించుకుంటున్న వారందరికీ ఈ హెచ్చరిక రాస్తున్నాను. ‘ఎల్లో ఫిన్ టూనా’ అని పేరు పెట్టి, తలా రెక్కలూ లేకుండా ముక్కలుగా కోసి కవర్లలో ఇంటికి పంపుతున్న సరుకును దయచేసి తీసుకోకండి. మా ఇంట్లో ఆ ముక్కల వేపుడు తిన్న అరగంటకే మా నాన్నగారికి, మా వదినకు ముఖం, మెడ కందగడ్డలా ఎర్రబడ్డాయి. తలనొప్పి, ఒళ్లంతా దురద, గుండెదడ మొదలై ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. అదే పూట, అదే కవరులోని వేరే ముక్కలు తిన్న మిగతా వారికి ఏమీ కాలేదు.

అమ్మిన వ్యక్తిని అడిగితే, “మీ ఒంటికి చేప పడదు, సరుకులో ఏ లోపమూ లేదు” అని జవాబిచ్చి, డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు. ఈ మాటను ఎవరూ నమ్మవద్దు. పుట్టినప్పటి నుంచి చేపల పులుసు తింటున్న మనిషికి ఉన్నట్టుండి చేప పడకపోవడం ఎప్పుడో గాని జరగదు. ఇలాంటివి చూసిన డాక్టరు గారు లక్షణాలను బట్టి ఇది చేపలో తయారైన హిస్టమిన్ అనే పదార్థం వల్ల వచ్చినదని చెప్పి, దానికి విరుగుడు మందు ఇచ్చారు. తెల్లవారేసరికి ఇద్దరూ కోలుకున్నారు. ఆ పేరు తెలియక, తమకు చేప పడదనుకుని జీవితాంతం మానేసేవారు ఎందరో ఉంటారని నాకు అనిపిస్తోంది.

సూర (టూనా) జాతి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. పడిన చేపను వెంటనే ఐసులో పెట్టి 4 డిగ్రీల లోపు ఉంచకపోతే, అందులో పెరిగే బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. మన ఎండలకు అందుకు రోజులు పట్టవు, కొద్ది గంటలు చాలు. ఒకసారి తయారైన హిస్టమిన్ మళ్లీ ఐసులో పెట్టినా పోదు, ఎంత మరిగించినా పోదు, నూనెలో మాడ్చినా పోదు, డబ్బాలో పెట్టి ఆవిరి పట్టినా పోదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, చేప కుళ్లిన వాసన రాకముందే అది హానికరమైన స్థాయికి చేరగలదు. చేపకూ చేపకూ, ఒకే చేపలో ముక్కకూ ముక్కకూ కూడా దాని మోతాదు మారుతుంది కనుక, ఇంట్లో కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో వింత లేదు. కిలో చేపలో హిస్టమిన్ 200 మిల్లీగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ చెబుతోంది.

ఇలాంటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఒక్కోసారి నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. ఇతర చోట్ల తినేవారు కొందరు ఆ చురుకును బట్టే అనుమానించి పక్కన పెట్టేస్తారు. మన నెల్లూరు వంటలో పడే కారానికి, చింతపండు పులుపుకు ఆ గుర్తు పూర్తిగా మరుగున పడిపోతుంది. మా నాన్నగారు “ఈ రోజు కారం కాస్త ఎక్కువైంది” అన్నారు తప్ప, ఎవరికీ వేరే అనుమానం రాలేదు. కాబట్టి రుచి చూసి కనిపెడదామనే ధీమా మన ప్రాంతంలో పనికిరాదు.

ఇక ఆ సరుకు అసలు ఎల్లో ఫిన్ కానే కాదు. మిగిలిన ముక్కల్లో ఒకదానికి కడుపు వైపు తోలు ఉండిపోయింది. దాని మీద వేలిముద్రలంత నల్లటి మచ్చలు నాలుగు పక్కపక్కనే కనిపించాయి. మైపాడు వైపు నుంచి చేపలు తెచ్చే మా పాత బేరగత్తె ఆ తోలు చూసి, ఇది ఒడ్డుకు దగ్గరలో దొరికే చిన్న సూర అని వెంటనే చెప్పింది. ఆమె చెప్పింది నిజమే. రొమ్ము రెక్కకూ కడుపు రెక్కకూ మధ్య అలాంటి మచ్చలు, వీపు వెనక భాగంలో వంకర గీతలు ఉండేది చిన్న సూరకే. ఎల్లో ఫిన్‌కు ఆ మచ్చలు ఉండవు. వీపు మీది రెండో రెక్క, దానికి ఎదురుగా కింద ఉండే రెక్క పసుపు రంగులో ఉంటాయి, చేప ముదిరిన కొద్దీ కొడవలిలా పొడుగ్గా సాగుతాయి. కడుపు మీద పొడవునా నాలుగైదు నల్లని చారలు పరుచుకుని ఉంటే అది స్కిప్‌జాక్ అనే మరో రకం టూనా. ముక్కలు చేసి, తోలు తీసేసి పంపడంలో అసలు ఉద్దేశం ఈ గుర్తులు దాచడమేనని నా గట్టి నమ్మకం.

చిన్న సూరను తక్కువ చేసి మాట్లాడడం లేదు. తాజాగా దొరికితే అది మంచి ఆహారమే. అయితే దానికి నల్లకండ ఎక్కువ, రక్తపు వాసన ఎక్కువ, కనుక ముక్కలను ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగి, పులుసు చిక్కగా పెట్టుకుంటేనే బాగుంటుంది. స్కిప్‌జాక్ కూడా ముదురు రంగు కండే. లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో గెడకు కట్టిన గాలంతో దాన్ని పట్టి, ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మీన్ చేస్తారు. ప్రపంచంలో పడే టూనాలో సగానికి పైగా అదే, డబ్బాల్లోకి వెళ్లేదీ ఎక్కువగా అదే. ఎల్లో ఫిన్ లోతు సముద్రపు చేప. మన రాష్ట్రంలో విశాఖపట్నం పడవలు దాని కోసం చాలా దూరం వెళ్లి గాలాలతో పడతాయి. కండ గట్టిగా, ఎర్రగా ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ. నూరు గ్రాములకు 23, 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వేపుడుకు, కాల్చుకోవడానికి అది బాగా నప్పుతుంది గాని, ఎక్కువసేపు ఉడికితే పీచుపీచుగా ఎండిపోతుంది. ఎవరైనా ‘బ్లూ ఫిన్ టూనా’ అంటే ఇంకా జాగ్రత్త పడండి. అది అట్లాంటిక్, పసిఫిక్, దక్షిణ హిందూ మహాసముద్రాలలో దొరికే చేప. 2019 జనవరిలో టోక్యో వేలంలో 278 కిలోల ఒక్క చేప 33 కోట్ల యెన్‌లకు పైగా పలికింది. అలాంటిది నెల్లూరులో కవరులో పెట్టి అమ్మకానికి రాదు.

గర్భిణులు, చిన్న పిల్లలు ఉన్న ఇళ్లవారికి ఒక మాట. పెద్ద టూనాల్లో, ముఖ్యంగా బిగ్ ఐ రకంలో, పాదరసం ఎక్కువగా పేరుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాన్ని వారికి వద్దనే చెబుతుంది. స్కిప్‌జాక్‌లో పాదరసం దానికంటే చాలా తక్కువ.

నేను చేప కొన్నది మే నెలలో. “రాత్రి వేటలో పడింది, కృష్ణపట్నం పడవ” అని అమ్మిన వ్యక్తి సందేశం పెట్టాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు, ఇంజను పడవలకు వేట నిషేధం ఉంది. ఆ రోజుల్లో లోతు సముద్రపు చేప మన రేవుల్లో దిగదు. జూన్ 1 వరకు నిషేధం ఉండని పశ్చిమ తీరం నుంచి లారీలో వచ్చి ఉండాలి, లేదా పాత నిల్వ అయి ఉండాలి. ఆ దారిలో ఐసు ఎన్నిసార్లు కరిగిందో కొనేవారికి తెలిసే వీలు లేదు. ఈ రెండు నెలల్లో ‘ఈ రోజే పడిన టూనా’ అన్న మాట వినబడితే అక్కడితో బేరం ఆపేయండి.

సూర కావాలంటే తలతో, రెక్కలతో, ఐసులో మునిగి ఉన్న చేపను చూసి, మొప్పలు ఎత్తి చూసి, కళ్ల ముందే కోయించుకోండి. ఇంటికి రాగానే వండండి, లేదా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. కవరులో వచ్చే సరుకైతే 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయో లేదో చూసి, బిల్లు అడగండి. తిన్నాక ముఖం ఎర్రబడితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లి, ఏ చేప తిన్నారో ముందుగా చెప్పండి, ఊపిరి ఆడకపోతే మరీ తొందరపడాలి. మిగిలిన ముక్కలను పారవేయవద్దు. గడ్డకట్టినా హిస్టమిన్ చెక్కుచెదరదు కనుక, డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే అవే పరీక్షకు ఆధారం. మేము అలాగే ఉంచి, జిల్లా ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. వినియోగదారుల సహాయ నంబరు 1915కు కూడా ఫోన్ చేశాం. మీలో ఎవరికైనా ఇలాంటిదే జరిగి ఉంటే, కొన్న తేదీ, వచ్చిన సందేశం, డబ్బు చెల్లించిన రుజువు దాచిపెట్టి మీరూ ఫిర్యాదు చేయండి. ఒకే విక్రేత మీద వేర్వేరు ఇళ్ల నుంచి ఫిర్యాదులు అందితే ‘మీ ఒంటికి పడదు’ అనే సాకు అక్కడ చెల్లదు.