మెదడు ఆపరేషన్లలో డెస్‌ఫ్లూరేన్: పదేళ్లు వాడాక

"కళ్లు తెరవండి. నా చెయ్యి గట్టిగా పట్టుకోండి." తల తెరిచి మూసిన మనిషి ఈ రెండు మాటలూ ఎంత త్వరగా వింటారన్నదే మత్తుమందు విషయంలో నాకు అసలు పరీక్ష.

నేను ఊపిరితో పీల్పించే మత్తుమందు ఐసోఫ్లూరేన్‌తో పని నేర్చుకున్నాను. ఏడు గంటల ఆపరేషన్ అయ్యాక ఆ మందు ఒంట్లోంచి ఓ పట్టాన దిగేది కాదు. ఇంకా మత్తేనా, లోపల రక్తం గడ్డకడుతోందా? తేల్చుకోలేక సీటీ స్కాన్‌కు పరుగెత్తిన రాత్రులున్నాయి. ఇలాంటి మందు రక్తంలో ఎంత తక్కువ కరిగితే అంత త్వరగా దిగుతుంది. ఆ కరిగే గుణం ఐసోఫ్లూరేన్‌కు 1.4 అయితే సెవోఫ్లూరేన్‌కు 0.65, డెస్‌ఫ్లూరేన్‌కు 0.45 మాత్రమే. డెస్‌ఫ్లూరేన్‌తో మొదటిసారి ఒక రోగి కట్టు కట్టడం పూర్తయిన కాసేపటికే కాళ్లూ చేతులూ కదిపి తన పేరు చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అప్పట్నుంచి అందరికీ అదే చెబుతూ వచ్చాను.

తర్వాత ఒక మెనింజియోమా (మెదడు పొరల్లో పెరిగే గడ్డ) కేసు వచ్చింది. డ్యూరా, అంటే మెదడును కప్పే గట్టి పొర, తెరవబోతుండగా నాడి కొంచెం పెరిగింది. మత్తు పలచబడిందనుకుని డెస్‌ఫ్లూరేన్ డయల్ నాలుగు శాతం నుంచి ఒక్కసారిగా తొమ్మిదికి తిప్పాను. నిమిషం తిరక్కుండానే నాడి 130, పై బీపీ 190. ఈ మందును గబుక్కున పెంచితే గుండె వేగాన్నీ బీపీనీ పెంచే సింపథెటిక్ నాడులు రెచ్చిపోతాయని చదువుకున్నదే, కానీ ఆ క్షణంలో నాకు తోచింది ఇంకా పెంచాలనే. "మేడమ్, మెదడు బిగుసుకొస్తోంది" అని సర్జన్ చెయ్యి ఆపేశారు. అప్పుడు తెలివొచ్చింది. డయల్ తగ్గించి, నరంలోకి మత్తుమందు ప్రొపోఫాల్, నొప్పిమందు ఫెంటానిల్ ఇచ్చాను. తల వైపు ఎత్తి, రోగి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూసుకున్నాను. పది నిమిషాలకు మెదడు మెత్తబడింది. రోగి బాగానే లేచారు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

త్వరగా దిగే మందు త్వరగా ఎక్కుతుంది కూడా. నేను పొగిడిన గుణం, నన్ను భయపెట్టిన గుణం ఒకటే. పైగా ఊపిరి ట్యూబ్ తీసేటప్పుడు దగ్గు వస్తే కుట్టిన చోట ఒత్తిడి పడుతుంది. ఈ మందు గొంతుకు ఘాటు.

ఇప్పుడు నా చెయ్యి ఎక్కువగా సెవోఫ్లూరేన్ వైపే పోతుంది. మెదడు రక్తనాళాలను ఈ మూడూ వెడల్పు చేసేవే, సమాన మోతాదులో సెవో తక్కువ చేస్తుంది. ఒక మ్యాక్ (కోత పెట్టినా సగం మంది కదలకుండా ఉండే మోతాదు) దాటనివ్వను. లేవడం డెస్ కంటే కొన్ని నిమిషాలు ఆలస్యం, అంతే. మోటార్ ఎవోక్డ్ పొటెన్షియల్స్ (మెదడు నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలు) చూడాల్సిన కేసుల్లో, మెదడు ముందే బాగా ఉబ్బి ఉన్నవాటిలో ఈ ఆవిరి మందుల జోలికే పోను, ప్రొపోఫాల్ పంపు పెడతాను.

బాగా లావుగా ఉన్నవారికి, ఎనిమిది గంటలు దాటేలా ఉంటే, మెదడు ముందే మెత్తగా కనిపిస్తే డెస్‌నే ఎంచుకుంటాను, డయల్‌ను అర శాతం చొప్పున కదుపుతూ. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 2,500 రెట్లు. 2026 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో దాని వాడకంపై ఆంక్షలున్నాయి. అందుకే వాడినప్పుడల్లా గ్యాస్ ప్రవాహం బాగా తగ్గిస్తాను. నేను చేసేవి ఎక్కువగా ముందే తేదీ పెట్టుకున్న ట్యూమర్ కేసులు. తలకు దెబ్బలు తగిలి వచ్చేవాళ్లనే ఎక్కువగా చూసేవారికి నా లెక్క సరిపోకపోవచ్చు.