ఫిలడెల్ఫియా: బారులన్నీ గంట దగ్గర, అసలు కథ పక్క భవనంలో

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చే మనవాళ్లలో చాలామంది ఫిలడెల్ఫియాను చూసేది న్యూయార్క్, వాషింగ్టన్‌ల మధ్య టూర్ బస్సు ఆగిన గంటన్నరలోనే. మూడేళ్ల క్రితం మేమూ అలాగే చూశాము. లిబర్టీ బెల్ అనే పగిలిన పాత గంట ముందు ఫొటో దిగుతుండగానే బస్సెక్కమని గైడు తొందరపెట్టాడు. ఆ వెలితి తీర్చుకోవాలని ఈసారి మే నెలలో నేనూ మా ఆవిడా ఒక రాత్రి బస ఏర్పాటు చేసుకుని మరీ వెళ్లాము.

ఎడిసన్‌లో ఎన్‌జే ట్రాన్సిట్ రైలెక్కి, ట్రెంటన్‌లో ఫిలడెల్ఫియా ప్రాంతపు సెప్టా రైలుకు మారి, జెఫర్సన్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఇండిపెండెన్స్ హాల్ నడిచి వెళ్లగలిగిన దూరమే. ఓల్డ్ సిటీలో మేము దిగిన హోటల్ శుభ్రంగానే ఉంది కానీ, సాయంత్రం నాలుగింటి దాకా గది ఇవ్వకపోగా, అంతవరకు సామాను ఉంచుకోవడానికి సంచికి ఇంతని విడిగా వసూలు చేశారు. పెద్ద సంచులతో హాల్‌లోకి రానివ్వరు కాబట్టి ఆ డబ్బు కట్టక తప్పలేదు. బుక్ చేసుకునేటప్పుడే ఈ సంగతి అడిగి ఉండవలసింది.

ఇండిపెండెన్స్ హాల్ ప్రవేశం ఉచితమే. ఏ సమయానికి లోపలికి పంపుతారో తెలిపే టికెట్‌ను ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకుంటే మాత్రం మనిషికి ఒక డాలరు రుసుము ఉంటుంది. 1776 జులైలో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన అసెంబ్లీ గదిలోనే, పదకొండేళ్ల తరువాత, 1787 సెప్టెంబరు 17న రాజ్యాంగం మీద 39 మంది సంతకాలు చేశారు. ఆ వేసవంతా లోపలి మాట బయటికి పొక్కకుండా కిటికీలు మూసుకుని చర్చలు జరిపారని అక్కడ చూపించి చెప్పే పార్కు ఉద్యోగి, అంటే రేంజరు, చెబుతుంటే, మే నెలలోనే చెమటలు పడుతున్న మాకు వారి అవస్థ బాగానే అర్థమైంది. మన రాజ్యాంగ సభ దాదాపు మూడేళ్లు తీసుకున్న పనిని వీరు నాలుగు నెలల లోపే ముగించారు. అయితే పౌరుల హక్కుల మాట అందులో చాలావరకు మిగిలిపోయి, 1791లో సవరణలుగా చేర్చుకోవలసి వచ్చింది.

ఆ గదిలోని బల్లలు, కుర్చీలలో చాలా వాటిని ఆ కాలానివే వేరే చోట్ల నుంచి తెచ్చి అమర్చారు. ఎదురుగా ఉన్న ఎత్తు వీపు కుర్చీ ఒక్కటి మాత్రం రాజ్యాంగ చర్చలకు అధ్యక్షత వహించిన జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న అసలు కుర్చీయే. దాని వీపు పైభాగాన సగం సూర్యబింబం, కిరణాలు చెక్కి, బంగారు పూత పూశారు. అది ఉదయించే సూర్యుడో అస్తమించేవాడో తనకు ఇన్నాళ్లూ తెలియలేదని, ఇప్పుడు ఉదయిస్తున్నవాడేనని తెలిసిందని సంతకాల రోజున సభ్యులలో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్నాడట. తాడు కట్టిన చోటి నుంచి చూస్తే ఆ బింబం అర్ధరూపాయి బిళ్లంత కనిపిస్తుంది కాబట్టి, వీలైతే ముందు వరుసలో నిలబడండి.

అన్నిటికన్నా నాకు నచ్చింది దానికి ఆనుకుని ఉన్న కాంగ్రెస్ హాల్. అప్పుడు అక్కడ మాతో ఉన్నది పదిహేను మందే. 1790 నుంచి 1800 దాకా, ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్న పదేళ్లూ, కింద ప్రతినిధుల సభ, పైన సెనేట్ కొలువు తీరినది ఇక్కడే. 1797 మార్చి 4న మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ చూస్తుండగా రెండో అధ్యక్షుడిగా జాన్ ఆడమ్స్ ప్రమాణ స్వీకారం చేసిన కింది గదిలో, అర్ధచంద్రాకారంలో వేసిన బల్లల వెనుక కూర్చుని ఆ ముచ్చట విన్నాము. కార్యక్రమం ముగిశాక ఉపాధ్యక్షుడు జెఫర్సన్‌ను ముందు నడవమని, తాను ఇప్పుడు మామూలు పౌరుడినని వాషింగ్టన్ వెనక్కి తగ్గాడని రేంజరు చెప్పింది. సైన్యాన్ని నడిపినవాడు గద్దె దిగి మరొకరికి దారి ఇచ్చిన చోటు ఇంత ఖాళీగా ఉండడం, వీధి దాటితే పగిలిన గంట కోసం వందల మంది బారులు తీరడం నాకు వింతగానే తోచింది.

ఆ గంటను తక్కువ చేయడం లేదు. టికెట్ అక్కర్లేదు, ఉదయాన్నే వెళితే తొందరగా చూసి రావచ్చు. దాని మీద పెన్సిల్వేనియా పేరులో ఒక 'న' తక్కువగా పోతపోసి ఉందని మా ఆవిడే కనిపెట్టింది. ఆ రోజుల్లో అలా కూడా రాసేవారట. దానికి లిబర్టీ బెల్ అన్న పేరును 1830లలో ప్రచారంలోకి తెచ్చినవారు బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఉద్యమకారులు. గంటను ఉంచిన భవనం గుమ్మం పక్కనే అధ్యక్షుడి ఇల్లు ఉండిన స్థలం ఉంది. అక్కడ వాషింగ్టన్ తొమ్మిది మంది బానిసలను ఉంచుకున్నాడు. ఆరు నెలలు వరుసగా పెన్సిల్వేనియాలో ఉంటే చట్టప్రకారం వారు విడుదల కోరవచ్చు కాబట్టి, గడువు ముగియక ముందే వారిని రాష్ట్రం దాటించి మళ్లీ తీసుకొచ్చేవాడు. వారిలో ఓనీ జడ్జ్ అనే యువతి 1796లో తప్పించుకుని ఓడలో న్యూహాంప్‌షైర్ చేరింది. టూర్ బస్సు గైడు ఈ స్థలాన్ని చూపనే లేదు.

రాజ్యాంగం గురించిన మ్యూజియం, కాన్స్టిట్యూషన్ సెంటర్‌కు టికెట్ కొనాలి. సంతకాల రోజున హాజరైన సభ్యులవి, మనుషులంత ఎత్తున్న 42 కంచు విగ్రహాల గది ఒక్కటే మాకు ఆ ఖర్చుకు తగినదనిపించింది. సంతకం చేయకుండా నిలబడిపోయిన ముగ్గురినీ అక్కడ చూడవచ్చు. తిండికి రీడింగ్ టెర్మినల్ మార్కెట్ మేలు, శాకాహారులకూ ఏదో ఒకటి దొరుకుతుంది. మేము వెళ్లింది ఆదివారం కావడంతో పాతకాలపు పద్ధతుల్లోనే బతికే అమిష్ క్రైస్తవుల కొట్లు మూసి ఉన్నాయి. అందుకే ముడి వేసినట్టుండే రొట్టె, వేడి ప్రెట్జెల్ తినాలన్న మా ఆవిడ కోరిక తీరలేదు. శనివారమే చేరి ఉంటే అదీ తీరేది.