లంకల వాళ్లం గంగలో రాఫ్టింగ్‌కి వెళ్తే

గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకి నీళ్లంటే భయమేంటి అనే ధీమా కోనసీమలో ఎవరికైనా ఉంటుంది. పంట కాలువలో ఈత నేర్చాం, పంటు మీద బండ్లతో సహా ఏరు దాటాం. రిషీకేశ్‌లో ఆ ధీమా పెద్దగా అక్కరకు రాదు. ధవళేశ్వరం దాటిన గోదారి పాయలుగా చీలి తీరిగ్గా సముద్రానికి పోతుంది. అక్కడి గంగ ఇరుకు లోయలో బండల మధ్య ఉరుకుతుంది, ఎండాకాలంలో కూడా నీళ్లు జివ్వుమంటాయి.

అసలు కష్టం ఇంట్లో ఒప్పించడం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి మా అమ్మ ముందు బోటు మాట ఎత్తలేం. "మన గోదారి చాల్లేదేంట్రా?" అంది. లైఫ్ జాకెట్, హెల్మెట్ లేకుండా రాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) కదలదని చెప్పాక కొంచెం మెత్తబడింది.

చోటు విషయానికొస్తే, కర్ణాటకలో దండేలి, మహారాష్ట్రలో కోలాడ్ చూశాం. రెండు చోట్లా పై డ్యామ్ నీళ్లు వదిలితేనే రాఫ్టింగ్. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకి బాగుంటాయి. లడఖ్‌లో జన్‌స్కార్ నది గొప్పదే గానీ ఎత్తు, చలి, ఖర్చు చూసి వదిలేశాం. రిషీకేశ్‌లో వర్షాల వల్ల జులై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ ఆపేస్తారు. మార్చి నుంచి మే దాకా గానీ, దసరా తర్వాత గానీ పెట్టుకోండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, ఢిల్లీ కార్లన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి.

అక్కడ బేరమంతా కిలోమీటర్ల లెక్కన, ఎగువన రాఫ్ట్ ఎక్కే చోటి నుంచి రిషీకేశ్ దాకా. బ్రహ్మపురి నుంచి సుమారు 9, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి పాతిక దాకా, కౌడియాలా నుంచి 36. కొత్తవాళ్లకి శివపురి చాలు, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే మంచి ర్యాపిడ్లు (నీళ్లు బండల మధ్య ఎగిరెగిరి ఉరికే చోట్లు) ఆ దారిలోనే వస్తాయి. కౌడియాలా వైపు 'ద వాల్' అనే ర్యాపిడ్ ఉంది, రాఫ్టుల్ని తిరగేస్తుందని దానికి పేరు. అనుభవం లేకుండా పంతానికి పోయే చోటు కాదది. మాకు మెరైన్ డ్రైవ్ అని డబ్బు తీసుకున్న ఒక ఏజెంటు, టైమ్ అయిపోయిందంటూ శివపురిలోనే రాఫ్ట్ ఎక్కించేశాడు. ఎక్కే చోటేదో వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

మా గైడ్ మాత్రం బంగారం. లైఫ్ జాకెట్ బకిల్స్ పెట్టి వదిలేయకుండా ఒక్కొక్కరి భుజం పట్టీలు పట్టుకుని పైకి గుంజాడు. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులన్నమాట, మళ్లీ బిగించాడు. తెడ్డు పైకొన మీద నుంచి అరచెయ్యి తీస్తే పక్కవాడి పళ్లు రాలతాయన్నాడు. నీళ్లలో పడితే ఈత కొట్టకుండా వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకి చాపమన్నాడు. నిలబడాలని చూస్తే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుందట. మాలాంటి ఈతగాళ్లకి ఇదే కష్టం, చేతులు ఊరుకోవు. ఒడ్డున ఇవేవీ చెప్పకుండా తొందరపెట్టే గైడ్ దొరికితే ఎక్కకండి, డబ్బు పోతే పోయింది.

బసకి తపోవన్‌లో హాస్టళ్లు చవక, రాత్రి గోల ఎక్కువ. శివపురి క్యాంపులు ప్రశాంతంగా ఉంటాయి. నది ఇసుకలో గుడారాలన్న పాత ఫొటోలు నమ్మకండి, 2015లో పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ వాటిని ఆపించింది. పెద్దవాళ్లు వెంట ఉంటే టీటీడీ ఆంధ్రా ఆశ్రమంలో గదులకి ముందే ప్రయత్నించండి. రిషీకేశ్ ఊళ్లో మాంసం, మందు నిషేధం. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మా బావ పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు, పాపం.

వీడియోకి వేరే డబ్బు అడుగుతారు. రాఫ్ట్ ఎక్కకముందే బేరమాడండి, దిగాక వాళ్లు చెప్పిందే రేటు.