పీసీఓఎస్ హార్మోన్ ప్యాకేజీ కొనేముందు క్రీమ్ డబ్బా తిప్పి చూడండి

పీసీఓఎస్‌కీ (ఆడవాళ్లలో హార్మోన్లు అదుపు తప్పి పీరియడ్స్ క్రమం తప్పే సమస్య), దాంతో వచ్చే మొటిమలకీ "మందులు లేకుండా మూడు నెలల్లో శాశ్వత పరిష్కారం" అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో ప్యాకేజీలు అమ్ముతున్నారు కదా, వాటి గురించే ఈ పోస్టు. అలాంటిది ఒకటి కొని వాడాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఆ ఒక్క పేరు చూసి దూరంగా ఉంటే సరిపోదు, ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది.

పెట్టెలో ఒక చూర్ణం, పుదీనా టీ పొడి, జుట్టుకీ చర్మానికీ అని గమ్మీలు, ఒక క్రీమ్ వచ్చాయి. అన్నిటికన్నా ప్రమాదం ఆ క్రీమ్‌తోనే. చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మూత మీద ఆకు బొమ్మ, "హెర్బల్" అని స్టిక్కరు. తిప్పి చూస్తే బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. రాసిన కొద్ది రోజులకే గడ్డం మీద, దవడ పక్కన ఏళ్లుగా సలుపుతున్న మొటిమలు అణిగిపోయాయి. రంగు కూడా తేలింది. చూసినవాళ్లంతా ఏం వాడుతున్నావని అడిగారు.

మొదటి డబ్బా అయిపోయి రెండోది వచ్చేలోపు అసలు సంగతి బయటపడింది. ముఖమంతా ఎర్రబడి మంట. ఎండలోకి వెళ్తే ఇక చెప్పక్కర్లేదు, మామూలు నీళ్లతో కడుక్కున్నా చురుక్కుమనేది. పాత మొటిమలు పోయిన చోటే కొత్తవి గుంపులుగా లేచాయి. చర్మవ్యాధుల డాక్టరు గారు ముందు అడిగిందే "క్రీమ్ డబ్బా తెచ్చారా అమ్మా?" అని. ముఖం, డబ్బా రెండూ చూసి స్టెరాయిడ్ వాడిన లక్షణాలన్నారు. ఇలాంటి కేసులు తరచూ వస్తుంటాయట.

బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు వాపునీ, ఎరుపునీ చకచకా అణచేస్తాయి. అందుకే మొటిమలు తగ్గినట్టు కనిపిస్తాయి, లోపలి హార్మోన్ సమస్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఆపగానే అంతా తిరగబెడుతుంది, మళ్లీ అదే క్రీమ్ రాస్తే గానీ మంట తగ్గదు. అలా డబ్బా మీద డబ్బా కొనిపిస్తారు. మన దేశంలో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. హార్మోన్ మొటిమలు తగ్గడానికి అసలు మందు వాడినా వారాలు, నెలలు పడుతుంది. నాలుగు రోజుల్లో ముఖం మెరిసిపోయిందంటే సంతోషించకండి, అనుమానించండి.

అమ్మినవాళ్ల తరఫున వాట్సాప్‌లో మాట్లాడే "హార్మోన్ కోచ్" దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు. మంటగా ఉందంటే "విషం బయటికి పోతోంది మేడమ్". పీరియడ్స్ రావడం లేదంటే "డిటాక్స్ అవుతోంది మేడమ్, కంగారు పడకండి". ఈ రెండో మాట మరీ ఘోరం. పీసీఓఎస్‌లో నెలల తరబడి పీరియడ్స్ రాకపోతే గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగిపోతుంది, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మూడు నెలలు దాటితే గైనకాలజిస్టుకి చూపించుకోవాల్సిందే. మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి డాక్టర్లు ఇచ్చే మాత్ర) కూడా "కెమికల్, మానేయండి" అన్నారు. మీరు డాక్టరా, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి అని అడిగాక నన్ను బ్లాక్ చేశారు.

గమ్మీల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాటిలో బయోటిన్ అనే విటమిన్ చాలా ఎక్కువ. రోజుకి మనకు కావాల్సింది 30 మైక్రోగ్రాముల దాకా, జుట్టు కోసం అమ్మేవాటిలో 5,000, 10,000 కూడా ఉంటుంది. అంత బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని ల్యాబుల్లో రక్తపరీక్షలు తప్పుగా వస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఉన్నదానికన్నా తక్కువగా, టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్) ఎక్కువగా కనిపించవచ్చు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పీసీఓఎస్‌కి చేయించేవి సరిగ్గా ఆ పరీక్షలే! ఏ గమ్మీ వాడుతున్నా రక్తం ఇచ్చే ముందు డాక్టరుకి చెప్పండి.

తిండి, నడక, నిద్ర మార్చుకోవడాన్ని నేను తప్పు పట్టడం లేదు. పీసీఓఎస్‌కి డాక్టర్లు మొదట చెప్పేది కూడా అదే. బరువు ఎక్కువున్నవాళ్లు 5 శాతం తగ్గినా చాలామందిలో పీరియడ్స్ గాడిన పడతాయి. మైదా, చక్కెర తగ్గించడం, అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచడం, తిన్నాక నడవడం, వీటికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు. పుదీనా టీ మీద చిన్న చిన్న అధ్యయనాలున్నాయి, తాగాలనిపిస్తే తాగండి. దాన్ని నమ్ముకుని షుగర్ పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి డయాబెటిస్ ముప్పు ఎక్కువ.

ఇప్పటికే కొన్నవాళ్లకి: క్రీమ్ ఎక్కువ రోజులుగా రాస్తుంటే మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపకుండా, వెంటనే చర్మ డాక్టరుకి చూపించి ఎలా ఆపాలో అడగండి. డబ్బా పారేయకండి, బిల్లు, చాటింగ్, ప్రకటన స్క్రీన్‌షాట్లు దాచుకోండి. నెలసరి సమస్యలు నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ ప్రకటనతో పాటు లేబుల్ లేని క్రీమ్ మీద కూడా మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు వాపసు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆన్‌లైన్ అమ్మకాలకి 2020 ఈ-కామర్స్ నిబంధనలున్నాయి, వాటి ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. "తెరిచిన ప్యాకెట్ వాపసు తీసుకోం" అని నాతో అన్నారు, మీతోనూ అంటారు. చెప్పిన సరుకు ఒకటి, పంపింది ఇంకొకటి అయినప్పుడు ఆ మాట చెల్లదు.