44 మ్యాగ్నమ్‌కు పోత సీసపు గుండు: 250 గ్రెయిన్లదా, 300 గ్రెయిన్లదా?

44 మ్యాగ్నమ్ రివాల్వర్‌కు తూటాలను సొంతంగా నింపుకొనేవారు బరువైన పోత గుండు కోసం చూసినప్పుడు, ఎంపిక చాలావరకు రెండింటి మధ్యకు వచ్చి ఆగుతుంది. మొదటిది అమెరికన్ తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ రూపొందించిన, సుమారు 250 గ్రెయిన్ల (16.2 గ్రాముల) సెమీ వాడ్‌కట్టర్, అంటే చదును ముక్కు, దాని వెనుక పదునైన భుజం అంచు ఉన్న గుండు. రెండోది 300 గ్రెయిన్ల (19.4 గ్రాముల) బరువుతో, వెడల్పైన చదును ముక్కుతో, అడుగున గ్యాస్ చెక్ అనే చిన్న రాగి కప్పుతో ఉండే గుండు. 1955లో 44 మ్యాగ్నమ్ తూటా వెలువడినప్పుడు దాని గుండు బరువు 240 గ్రెయిన్లే కాబట్టి, మొదటిది ఆ తూటా కేసుకు (గుండును, తుపాకీ మందును పట్టి ఉంచే లోహపు గొట్టానికి) సహజంగా అమరుతుంది, రెండోది దాని సామర్థ్యం చివరిదాకా వెళుతుంది. ఎక్కువమందికి మొదటిదే మేలని నా అభిప్రాయం.

300 గ్రెయిన్ల గుండు ఇచ్చే లాభం నిజమైనదే. వ్యాసం మారకుండా బరువు పెరిగినందువల్ల అది మందమైన కండను, ఎముకను దాటుకొని మరింత లోతుగా, దారి తప్పకుండా వెళుతుంది. అయితే ఆ బరువు గుండు పొడవుగా మారి కేసు లోపలి చోటును ఆక్రమిస్తుంది కనుక, ఈ తూటాకు గరిష్ఠ పరిమితిగా నిర్ణయించిన చదరపు అంగుళానికి 36,000 పౌండ్ల పీడనం తక్కువ మందుతోనే వచ్చేస్తుంది. ఒకే బరువున్న రెండు గుండ్లు కూడా కేసులోకి వేర్వేరు లోతుల్లో దిగవచ్చు. అందుచేత మందు కొలతను సరిగ్గా ఆ గుండుకే పరీక్షించి ప్రచురించిన పట్టిక నుంచి తీసుకోవాలి తప్ప, 250 గ్రెయిన్ల కొలతను తగ్గించి అంచనా కట్టడం ఎంతమాత్రం తగదు.

తుపాకీ వైపు నుంచి చూస్తే అభ్యంతరాలు మరిన్ని ఉన్నాయి. బరువైన గుండు వెనక్కి తన్నే బలాన్ని పెంచుతుంది. తేలికైన రివాల్వర్‌లో ఆ కుదుపుకు, సిలిండర్‌లో ఇంకా పేలని తూటాల గుండ్లు కేసుల నుంచి ముందుకు జరిగి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడే ప్రమాదం ఉంది. గట్టి క్రింప్ (కేసు అంచును గుండు చుట్టూ నొక్కి బిగించడం) దీన్ని చాలావరకు ఆపుతుంది కానీ పూర్తి హామీ ఇవ్వదు. సిలిండర్ పొడవును కూడా ముందే కొలుచుకోవాలి: ఉదాహరణకు, ఇంకాస్త సన్నని గుండు వాడే 357 మ్యాగ్నమ్‌లో, 358429 అనే అచ్చు సంఖ్యతో ప్రసిద్ధమైన కీత్ గుండును దాని క్రింప్ గాడి దగ్గరే బిగించి మ్యాగ్నమ్ కేసులో నింపితే, స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 27 సిలిండర్‌కు ఆ తూటా పొడవు ఎక్కువవుతుంది. కీత్ పేరున్న గుండుకే ఆ ఇబ్బంది రావడం కొంత విడ్డూరం. ఇవి కాక, నెమ్మదిగా వెళ్లే బరువైన గుండు బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా మూతి పైకి లేస్తుంది కాబట్టి దెబ్బ సాధారణంగా గురికి పైన పడుతుంది, స్థిరమైన సైట్లున్న రివాల్వర్‌లో దీన్ని సరిదిద్దుకోవడం కష్టం. అవే తూటాలను లీవర్ రైఫిల్‌లోనూ వాడదలచినవారు బారెల్ మెలికను, అంటే గుండును గిరగిరా తిప్పే లోపలి గాళ్ల చుట్టును, చూసుకోవాలి. రివాల్వర్లలో తరచుగా కనిపించే 20 అంగుళాలకు ఒక చుట్టు మెలిక పొడవాటి గుండును నిలకడగా తిప్పుతుంది, కొన్ని పాత రైఫిళ్లలోని 38 అంగుళాల మెలికకు అది కష్టసాధ్యం.

అయితే బరువుపై ఇంత చర్చ జరిగినా, బారెల్‌లో సీసం పేరుకుపోతుందా, గురి కుదురుతుందా అన్నదాన్ని నిర్ణయించేది ప్రధానంగా గుండు వ్యాసం, ఆ తరువాత దాని గట్టిదనం. గుండు సిలిండర్ రంధ్రాల ముందు భాగానికి సరిపోవాలి. 44లో ఆ కొలత సాధారణంగా 0.430 నుంచి 0.432 అంగుళాల మధ్య ఉంటుంది. గుండు సన్నగా ఉంటే వేడి వాయువులు పక్కల నుంచి దూసుకొనిపోయి సీసాన్ని కోస్తాయి. అటువంటప్పుడు మరింత గట్టి గుండు కొనడం చాలామంది చేసే పని, నిజానికి అది సమస్యను పెంచవచ్చు, ఎందుకంటే గట్టి గుండు పీడనానికి ఉబ్బి ఆ ఖాళీని మూయదు. గట్టిదనాన్ని తెలిపే బ్రినెల్ కొలతలో స్వచ్ఛమైన సీసం సుమారు 5, చక్రాల బ్యాలెన్స్ బరువుల లోహం సుమారు 12, ముద్రణ అక్షరాలు పోసే లైనోటైప్ లోహం సుమారు 22 ఉంటాయి. సీసంలో కొంత యాంటిమొని, తగరం కలిపి 12 నుంచి 16 మధ్య ఉంచుకొంటే, వ్యాసం సరిపోయినప్పుడు 250 గ్రెయిన్ల గుండుకు అది చాలు. లైనోటైప్ అంత గట్టిది పెళుసు కూడా అవుతుంది కనుక, ఎముకను తాకినప్పుడు ముక్కలయ్యే అవకాశం ఉంది. లోతుగా వెళ్లడం కోసమే 300 గ్రెయిన్లను ఎంచుకొన్నవారికి ఇది ఉన్న లాభాన్నీ పోగొడుతుంది.

గ్యాస్ చెక్ గుండు అడుగును వేడి వాయువుల నుంచి కాపాడుతుంది, పూర్తి పీడనపు తూటాల్లో పొరపాట్లను కొంత మన్నిస్తుంది. దానికి బదులుగా ప్రతి గుండుకూ ఒక రాగి కప్పు, దాన్ని బిగించే అదనపు పని భరించాలి. మధ్యస్థ వేగంతో అభ్యాసం చేసేవారికి కీత్ గుండు సాదా అడుగుతోనే బాగా నడుస్తుంది.

పెద్ద, ప్రమాదకరమైన జంతువుల మధ్య తిరిగేవారు, బరువైన దృఢమైన రివాల్వర్ ఉండి ఆ కుదుపును భరించగలవారు 300 గ్రెయిన్లకు వెళ్లవచ్చు. వారు కూడా గుండ్లు పోసే అచ్చు కొనే ముందు సిలిండర్ రంధ్రాలను కొలిచి, కొన్ని నమూనా గుండ్లు తెప్పించి, క్రింప్ గాడి నుంచి ముక్కు చివరి వరకు ఉన్న పొడవు తమ సిలిండర్‌లో ఇముడుతుందో లేదో మందు, దాన్ని అంటించే ప్రైమర్ లేని కేసుతో చూసుకోవాలి.